మొగలిగెడ్డకు మొదటి ర్యాంకు

నేను వరదల నిపుణుణ్ణి. ఈ మాట మా ఆవిడ పెళ్ళిళ్ళలో నలుగురికీ చెబుతూ ఉంటుంది. విన్నవాళ్ళు నా వంక భక్తిగా చూసి, "అయితే మీకు ఈత బాగా వచ్చన్నమాట" అంటారు. నాకు ఈత రాదు. నీళ్ళంటే చచ్చేంత భయం. మబ్బు పడితే చాలు, సెలవు చీటీ రాసి పంపించే మనిషిని. వరదల మీద నా వ్యాసాలు దేశదేశాల పత్రికల్లో అచ్చయ్యాయి గాని, వాటిని రాసే రోజుల్లో నా పాదం తడిసింది ఒక్కసారే. అదీ టీ ఒలికి.

మా యూనివర్సిటీలో "పట్టణ జీవావరణ, సామాజిక స్థితిస్థాపకతా అధ్యయన కేంద్రం" అని ఒకటుంది. నేను దానికి ఉపసంచాలకుణ్ణి. పేరు ముకుందం. స్థితిస్థాపకత అంటే కంగారు పడకండి. జనం దెబ్బ తిని మళ్ళీ లేచి నిలబడటాన్ని మేం అలా అంటాం. దెబ్బ తినేవాళ్ళు వేరే ఉంటారు, లేచేవాళ్ళూ వాళ్ళే. ఎంతసేపట్లో లేచారో కొలిచి, మార్కులు వేసి, ఆ మార్కులు పట్టుకుని విదేశాలకు వెళ్ళి రావడం మా పని.

కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు మాది. కొండ మీద పడిన వాన గెడ్డల్లోంచి దిగి సముద్రంలో కలుస్తుంది. గెడ్డ అంటే మా వైపు వాగు. అలాంటి వాగు ఒకటి, మొగలిగెడ్డ, మా యూనివర్సిటీ స్థలంలోంచే పోయేది. కేంద్రానికి కొత్త భవనం కట్టినప్పుడు, ప్రకృతికి దగ్గరగా ఉండాలని ఆ గెడ్డ పక్కనే మెరక చేసి కట్టారు. భవనమన్నాక ప్రహరీ ఉండాలి. ఆ ప్రహరీ గెడ్డకి అడ్డంగా వచ్చింది. ఇంజినీరు గారు బాగా ఆలోచించి గోడ అడుగున ఒక తూము పెట్టించారు. ఆ తూములోంచి పిల్లి దూరగలదు. కొండ మీది వాన దూరలేకపోయింది.

దాంతో ఆ నీరంతా వెనక్కి తన్ని గోడకు ఎగువనున్న మొగలిగెడ్డ కాలనీలోకి పోవడం మొదలెట్టింది. మాకు మాత్రం మహా కలిసొచ్చింది. ఇతర దేశాల్లో పరిశోధకులు ముంపు ప్రాంతం వెతుక్కుంటూ విమానాలెక్కి పోతారు. మాకు కిటికీలోంచి కనబడేది.

మా సంచాలకులు ఆచార్య శరభేశ్వరరావు గారు ఆ కిటికీ దగ్గర నిలబడే స్థితిస్థాపకతా సూచిక కనిపెట్టారు. ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పటి నుంచి పొయ్యి మళ్ళీ వెలిగేదాకా ఎంతసేపు పడితే అంత చొప్పున మార్కులు కోత. ఆ లెక్కన మొగలిగెడ్డ కాలనీకి ఊరు మొత్తంలో మొదటి ర్యాంకు వచ్చింది. కొండ మీద ఆఫీసర్ల కాలనీకి సున్నా వచ్చింది. పాపం, వాళ్ళు ఎన్నడూ మునగలేదు. మునగనివాళ్ళు తేరుకునేదెలా? విశ్రాంత కార్యదర్శి ఒకాయన మా దగ్గరకొచ్చి, తమ కాలనీకి కనీసం మోకాటిలోతు నీళ్ళయినా ఏర్పాటు చేయగలరా అని మర్యాదగా అడిగారు. ఎత్తు ఎక్కువండీ, వీలుపడదు అని చెప్పి పంపాం. ఆయన చాలా చిన్నబోయి వెళ్ళారు.

ర్యాంకు సంగతి పేపర్లో వచ్చిన వారానికి కాలనీ వాళ్ళు మా కేంద్రానికి వచ్చారు. ధన్యవాదాలు చెప్పడానికి వస్తున్నారనుకుని శరభేశ్వరరావు గారు కండువా సర్దుకుని కూర్చున్నారు. ముందు నడిచి వచ్చినావిడ పేరు నూకరత్నం. కాలనీలో ఇడ్లీలు, పుణుకులు వేసి అమ్ముతుంది. ఆవిడ వెనకాల మొగుడు సింహాచలం, ఆటో తోలుతాడు. ఆయన వెనకాల వెల్డింగ్ షాపు అప్పన్న, ఇంకా పదిమంది.

"బావూ, మీ గోడ కాడ గెడ్డ మూసుకుపోనాది. ఆ గోడ ఇరగ్గొట్టీండి. నేదా తూములైనా పెద్దవి ఎట్టీండి," అంది నూకరత్నం. "వానొచ్చిందంటే మా అత్త మంచం కింద నీల్లు. ఆవిడకి కాళ్ళు పడిపోయి మూడేళ్ళు. ప్రతిసారీ మంచం కోళ్ళ కింద ఇటికలెట్టి ఎత్తుకోడవే మా పని. నీల్లు ఇటికలు దాటి వొచ్చిన రోజున మాం ఏటి సెయ్యాల?"

శరభేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, ఆవిడ వంక కరుణతో చూశారు. "అమ్మా! తమరు గోడను కూల్చమనడం లేదు. తమలోని స్థితిస్థాపకతను కూల్చమంటున్నారు. తరతరాలుగా ఈ జనసముదాయం సముపార్జించిన తితిక్షను, ఓర్మిని, ఆ అమూల్య సామాజిక సంపదను, రెండు తూముల కోసం గెడ్డలో కలుపుతామంటారా?"

"తరతరాలేటి బావూ, మీరు గోడ కట్టి ఐదేళ్ళు కానేదు," అన్నాడు అప్పన్న.

"ఐదేళ్ళలో ఇంత సాధించారంటే!" అని ఆయన పరవశించిపోయారు.

నేను పక్కనే ఉన్నాను. నాకు తెలియదా, గోడ తీస్తే గెడ్డ పారుతుందని? తెలుసు. అయినా తల ఊపాను. ఆ రోజుల్లో నా ప్రమోషన్ ఆయన కండువా అంచుకి వేలాడుతోంది. పైగా ఇరవై ఏళ్ళుగా తల ఊపీ ఊపీ నా మెడ ఒక వైపుకే తిరుగుతుంది.

వాళ్ళు ఊరుకోలేదు. కార్పొరేషన్‌కి వెళ్ళారు. కార్పొరేషన్ వాళ్ళు గోడ పడగొట్టడానికి పొక్లెయినర్ పంపారు. దానికి అడ్డం నిలబడాల్సిందిగా సంచాలకులు నన్ను ఆజ్ఞాపించారు. చెట్లు కొట్టనివ్వకుండా యంత్రాలకి అడ్డం పడుకున్న మహానుభావుల గురించి నేను పాఠాలు చెప్పేవాణ్ణి. గోడకోసం పడుకున్నది మాత్రం నేనొక్కణ్ణే అయివుంటాను. డ్రైవరు కిందికి దిగి, బీడీ వెలిగించుకుని, నా వంక చాలాసేపు చూసి, "మీకేటైనా బాగోనేదా బావూ?" అని అడిగి వెనక్కి తిప్పుకుపోయాడు. మర్నాడు మేం అక్కడ బోర్డు పెట్టించాం: "ఇది సంరక్షిత ముంపు ప్రాంతం. ఇచ్చట కాలువ తవ్వరాదు. పూడిక తీయరాదు. నీటి సహజ నిలువకు భంగం కలిగించువారు శిక్షార్హులు."

ఆ తర్వాత మా కేంద్రానికి డబ్బిచ్చే విదేశీ సంస్థ ఒక మెలిక పెట్టింది. కిటికీలోంచి చూసి మార్కులేస్తే కుదరదు, పరిశోధకుడు జనంలోనే కాపురముండి చూడాలి అని. సంచాలకులు నా భుజం మీద చెయ్యి వేశారు. నేను అప్పుడే ఈత గురించి చెప్పి ఉండాల్సింది. కానీ ఉపసంచాలకుడికి ఈత రాదని బయటపడితే బాగుండదని ఊరుకున్నాను.

నూకరత్నం ఇంటి పక్క వాటా ఖాళీగా ఉంది. నా పెట్టె, నా స్టాప్‌వాచ్, నా మంచం అక్కడికి చేరాయి. మా ఆవిడ పుట్టింటికి చేరింది. వెళ్ళేముందు శరభేశ్వరరావు గారు నియమావళి చదివి వినిపించారు. అందులో ముఖ్యమైనది ఒక్కటే. పరిశోధకుడు ముంపు సమయంలో ఎవరికీ ఏ విధమైన సాయమూ చేయరాదు. చేసినచో కొలత చెడును. అట్టి కాలనీ పేరు పరిశోధన నుంచి కొట్టివేయబడును, అట్టి పరిశోధకుడు ఉద్యోగం నుంచి తొలగించబడును.

"ఎవరికీ సాయం చేయకుండా ఉండటం నీకేమంత కష్టం కాదులే ముకుందం," అన్నారాయన ఆప్యాయంగా. నా మీద ఆయనకు మొదటినుంచీ గట్టి నమ్మకం.

నూకరత్నం అత్తగారి పేరు గవరమ్మ. కాళ్ళు పడిపోయాయి గాని నోరు పడిపోలేదు. మంచం మీద నుంచే వీధంతా ఏలేది. చేపలమ్మి దగ్గర బేరం ఆవిడదే, మనవరాలు కనకానికి చదువు ఆవిడదే, సింహాచలానికి తిట్లు ఆవిడవే. నేను దిగిన రోజునే పిలిపించి, "ఏటి ఉజ్జోగం నీది?" అని అడిగింది.

"మీరు వరదనుంచి ఎలా తేరుకుంటారో చూసి రాసుకుంటానవ్వా."

"సూసి?"

"రాసుకుంటాను."

"రాసి?"

నేను స్టాప్‌వాచ్ తీసి తుడుచుకున్నాను. ఆవిడ జాలిపడి, కోడలితో, "పాపం, ఈ బావుకి రెండిడ్లీలెట్టవే" అంది. ఆ రోజునుంచీ నాకు ఆ ఇంట్లోంచి పొద్దున్నే ఇడ్లీలు వచ్చేవి. సాయం చేయరాదన్న నియమం ఉంది గాని, పుచ్చుకోరాదని ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను.

అంతా సిద్ధమయ్యాక వాన పడలేదు. ఆషాఢం ఎండింది, శ్రావణం ఎండింది, భాద్రపదం కూడా ఎండేలా ఉంది. కుళాయిలు ఆరిపోయాయి. కార్పొరేషన్ మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని జనం బిందెలు వరసలో పెట్టి ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడు, విదేశీ సంస్థవారి సమీక్షా బృందం వస్తోందని కబురొచ్చింది.

శరభేశ్వరరావు గారికి నిద్ర పట్టలేదు. "బృందం వచ్చేసరికి కాలనీ పొడిగా ఉంటే ఎంత అప్రతిష్ఠ! ప్రకృతి సహకరించనప్పుడు విశ్వవిద్యాలయం తన బాధ్యత నుంచి తప్పుకోరాదు," అని, వరద పోయించడానికి నిర్ణయించారు. ముందురోజు ప్రయోగంగా ట్యాంకర్లు తెప్పించి కాలనీ మొదట్లో గొట్టాలు విప్పించారు. నేను స్టాప్‌వాచ్ నొక్కాను.

"ఓలమ్మో, మంచినీల్లే!" అని నూకరత్నం కేకేసింది.

అంతే. బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, ఉప్పు జాడీలు, పసిపిల్లల స్నానాల తొట్లు, ఇంట్లో ఏముంటే అది పట్టుకుని కాలనీ కాలనీ లగెత్తుకొచ్చింది. గొట్టంలోంచి దూకిన వరద దూకినట్టే బిందెల్లోకి దిగింది. రోడ్డు మీదికి ఒక్క చుక్క రాలేదు. శరభేశ్వరరావు గారు మైకులో, "అయ్యలారా! అమ్మలారా! ఇది విపత్తు! దయచేసి విపత్తును ఇళ్ళలోకి తీసుకుపోవద్దు!" అని మొత్తుకున్నారు. సింహాచలం ఆయన దగ్గరికొచ్చి, విపత్తు మళ్ళీ ఎల్లుండి కూడా వస్తుందా, చుట్టాలకి కూడా కబురు చేసుకుంటాం అని అడిగాడు.

ఆ రోజు కాలనీకి క్రమశిక్షణారాహిత్యం కింద మార్కులు తగ్గించాను. తర్వాత నేను కూడా ఒక బకెట్టు పట్టుకున్నానని ఎక్కడా రాయలేదు.

మర్నాడు సముద్రపు నీళ్ళు తెప్పించాం. అవి ఎవరూ పట్టుకోలేదు. కాలనీ నిక్షేపంలా మునిగింది. సమీక్షా బృందం మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని నూకరత్నం ఇంటి ముందు నిలబడింది. నూకరత్నం, సింహాచలం, కనకం, అప్పన్న తలో కోడు పట్టి గవరమ్మ మంచాన్ని ఎత్తి ఇటుకల మీద పెట్టారు. బృందం చప్పట్లు కొట్టింది. ఫోటో సరిగా రాలేదు, ఇంకోసారి ఎత్తమన్నారు. ఎత్తారు. వెలుతురు చాల్లేదు, ఇంకోసారి అన్నారు.

"ఒరే బావూ," అంది గవరమ్మ గాల్లో నుంచి నన్ను చూసి. "ఆల్లకి బాస రాదు. నీకు వొచ్చుగదా. నాను పెల్లికూతుర్ని కానని సెప్పరా. ఊరికే గడియారం నొక్కుకుంతూ నిలబడతావేటి, నువ్వూ ఒక కోడు పట్టుకోరాదా?"

"నియమం ఒప్పుకోదవ్వా."

"ఎవడాడు? పిలు, నాను మాటాడతాను."

ఆవిడేమన్నదని బృంద నాయకుడు నన్నడిగాడు. ఈ అవకాశం కల్పించినందుకు కృతజ్ఞతలు తెలుపుతున్నదని చెప్పాను. ఆయన కళ్ళు చెమర్చాయి. కేంద్రానికి మరో మూడేళ్ళు నిధులు పొడిగించారు. ఉప్పునీళ్ళకి కాలనీలో మునగచెట్లన్నీ చచ్చిపోయాయి. దాన్ని జీవావరణ పరివర్తన అని రాశాం.

ఆశ్వయుజం చివర్లో తుఫాను వచ్చింది.

ఇది మా ట్యాంకర్ల తుఫాను కాదు. ముందురోజు సాయంత్రం మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నమైనా తగ్గలేదు. కొండ మొత్తం కరిగి కిందికొస్తున్నట్టు ఎర్రటి నీళ్ళు దిగాయి. గోడ దగ్గర ఆగాయి. వెనక్కి తిరిగి కాలనీలోకి వచ్చాయి. నేను చూస్తుండగానే గడప దాటాయి, ఇటుకలు దాటాయి, గవరమ్మ పడుకున్న నులకని తాకాయి. సింహాచలం బస్‌స్టాండు దగ్గర ఆటోతో సహా చిక్కుకుపోయాడు. నూకరత్నం ఒక కోడు పట్టింది, కనకం ఒకటి, అప్పన్న ఒకటి. నాలుగో కోడు నీళ్ళలో ఊగుతోంది.

"బావూ! పట్టండి!" అని నూకరత్నం అరిచింది. నేను ఆవిడ గొంతు అలా వినడం అదే మొదలు.

నేను ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. సంచాలకులకి ఫోన్ చేశాను.

"బ్రహ్మాండం!" అన్నారు శరభేశ్వరరావు గారు. కేంద్రం మేడ మీద కిటికీ దగ్గరే ఉన్నారట. "ఇటుకలు దాటిందా? ఇంతవరకూ ఎవరికీ దొరకని కొలత! గడియారం నడుస్తోందా?"

"మంచం మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడండి. నేను పట్టుకోవచ్చా?"

"పరిశోధనల నైతిక సంఘం అనుమతి కావాలి ముకుందం. సంఘం కూర్చోవాలంటే కోరం ఉండాలి. సభ్యుల్లో ఇద్దరు నీళ్ళలో చిక్కుకున్నారు. నీళ్ళు తగ్గగానే అత్యవసర సమావేశం పెట్టిస్తాను."

ఫోను నీళ్ళలో పడిపోయింది. నేనే పడేశానని తర్వాత చాలామందికి చెప్పాను గాని, నిజానికి తడి చేతిలోంచి జారిపోయింది. నేను వెళ్ళి నాలుగో కోడు పట్టుకున్నాను.

వీధిలోకి దిగాం. నడుం లోతు, రొమ్ము లోతు. ఎక్కడికి అని ఎవరూ అనుకోలేదు, ఎత్తుగా ఉన్నది మా కేంద్రం ఒక్కటే. వెనకాల కాలనీ అంతా పిల్లల్ని భుజాలకెత్తుకుని వస్తోంది. గవరమ్మ పైన పడుకుని, "ఎడమకి పోండే, ఎడమకి! అక్కడ గుంటుంది!" అని దారి చెబుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. నోట్లోకి నీళ్ళు పోయాయి. ఆ కోడు మాత్రం వదల్లేదు. జన్మలో దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. పరిశీలితులు పరిశోధనశాలలోకి రాకూడదని ఆర్డరుందని చెప్పాడు. అప్పన్న అతన్ని పక్కకి జరిపాడు. మెల్లిగానే జరిపాడు.

సెమినారు హాల్లో మంచం దింపారు. మెట్ల మీద శరభేశ్వరరావు గారు నిలబడి, "కొలత! కొలత చెడిపోయింది!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. కరెంటు లేదు, కాఫీ మిషను పనిచేయదు. నూకరత్నం అత్త మంచం మీద పెట్టి తెచ్చిన స్టవ్వు వెలిగించి ఉప్మా చేసింది. ఆయన రెండుసార్లు పెట్టించుకుని, మూడోసారికి మొహమాటపడ్డారు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఎలాగో తిరిగొచ్చిన సింహాచలం, అప్పన్న, కాలనీ మగాళ్ళందరూ గునపాలు పట్టుకుని మా ప్రహరీ దగ్గరికి పోయారు. ఈసారి నేను అడ్డం పడుకోలేదు. గెడ్డకి అడ్డమున్న మేర గోడ పగలగొట్టేశారు. నిలిచిన నీళ్ళన్నీ ఒక్క ఊపున సముద్రం వైపు పోయాయి. సాయంత్రానికి కాలనీ వీధుల్లో నేల కనబడింది. ఆడవాళ్ళు గోడలు కడుక్కుంటున్నారు. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

ఆ తర్వాత పది రోజులకి మళ్ళీ ఒక పెద్ద వాన పడింది. నీరు వచ్చిన దారిన వచ్చింది, పోయిన దారిన పోయింది. ఎవరి మంచమూ ఎవరూ ఎత్తలేదు. శరభేశ్వరరావు గారు సంతాప సభ పెట్టినంత పని చేశారు.

యూనివర్సిటీ విచారణ సంఘం వేసింది. గోడ మళ్ళీ కట్టాలా వద్దా అన్నది ప్రశ్న. జవాబు నియమావళిలోనే ఉంది. ముంపు వేళ ఉపసంచాలకుడు మంచం మోసినట్లయితే కొలత చెడింది, కాలనీ పేరు కొట్టేయాలి. అప్పుడు పరిశోధనా లేదు, గోడా అక్కర్లేదు. మోయనట్లయితే కొలత చెల్లుతుంది, పరిశోధన సాగాలి, గోడ లేవాలి.

నేను ఆ నియమావళి మొత్తం చదివి, జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయం తీసుకున్నాను. గవరమ్మ మంచం పక్కన కూర్చుని విషయమంతా చెప్పాను. "మోశానని ఒప్పేసుకుంటానవ్వా. సంఘం వాళ్ళు నిన్నడిగితే నువ్వు కూడా అవునని ఒక్క మాట చెప్పు. గెడ్డ ఇలాగే ఉండిపోతుంది."

"మరి నీకేటవుద్ది?"

"ఉద్యోగం పోతుంది. పోనీ." ఈ 'పోనీ' అన్నమాట గంభీరంగా అన్నాననే అనుకుంటున్నాను. చివర్లో కొంచెం కీచుమంది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కోడల్ని కేకేసి నాకు ఇంకో రెండిడ్లీలు పెట్టమంది.

విచారణ సంఘం నూకరత్నం ఇంటికే వచ్చింది. అధ్యక్షులు విశ్రాంత ఆచార్యులు, పెద్దమనిషి. ఆయన పక్కన శరభేశ్వరరావు గారు. నేను చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, నాలుగో కోడు నేనే మోశాను. నియమం తెలిసే మోశాను. ఏ శిక్షకైనా సిద్ధం," అన్నాను. అద్దంలో అభ్యాసం చేసిన మాటలు. నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. నాక్కూడా నా మీద గౌరవం కలిగింది.

"అవునండి, బావే మోసినారు, నాను సూసినాను..." అని నూకరత్నం మొదలెట్టింది.

అధ్యక్షులు చెయ్యెత్తారు. "మోసినవారి వాదన ఉభయపక్షాలా స్వప్రయోజనంతో కూడినది కావచ్చు. మోయబడినవారి సాక్ష్యమే ప్రమాణం. అమ్మా, మీరు చెప్పండి. ఈ ఉపసంచాలకులవారు ఆ రోజు మీ మంచం మోశారా?"

గవరమ్మ నా వంక తిరిగింది. నేను తల ఊపుతూ సైగ చేశాను.

"ఈడా?" అంది. "ఈడేటి మోస్తాడు బావూ! ఆ కోడు పట్టుకుని ఏలాడినాడు. కాళ్ళు నేల మీద ఆనితే గదా! కళ్ళు మూసీసుకుని, అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. మా కోడలూ, మనవరాలూ, అప్పన్నా నన్ను మోసినారు. నాతోబాటు ఈణ్ణి కూడా ఆల్లే మోసినారు."

శరభేశ్వరరావు గారి మొహం వెలిగిపోయింది. కొలత చెల్లింది. చెల్లడమే కాదు, ముగ్గురు మనుషులు ఒక వృద్ధురాలితో పాటు ఒక ఉపసంచాలకుణ్ణి కూడా అదనంగా మోసినందుకు కాలనీకి ఎన్నడూ లేనన్ని మార్కులు వచ్చాయి. అక్కడికక్కడే తీర్మానం రాశారు. మొగలిగెడ్డ కాలనీకి మళ్ళీ మొదటి ర్యాంకు. గోడ వెంటనే పునర్నిర్మించవలెను. ఉపసంచాలకుడు ఎవరికీ ఏ సాయమూ చేయలేదని నిరూపితమైనందున, ఆయన నిష్కళంక సేవను సంఘం అభినందిస్తున్నది. అధ్యక్షులు నాతో చెయ్యి కలిపి, జీపెక్కి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మందిలో పరువు పోయినందుకు మండిందో, గెడ్డ పోయినందుకు మండిందో నాకే తెలియదు. "అవ్వా! ఎంత పని చేశావు! మోశాడు అని ఒక్క మాట అంటే గోడ లేకుండా పోయేది కదా! నీకు ముందే చెప్పాను కదా!"

"సెప్పినావు."

"మరి?"

గవరమ్మ చెయ్యి చాపి నా చొక్కా అంచు పట్టుకుని మంచం మీదికి లాగి కూర్చోబెట్టింది. ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. నిజంగానే నా గురించి బెంగపడుతోంది.

"ఆ గోడదేవుంది నాయినా. ఆల్లు కట్టుకుంతారు, మావోల్లు మల్లీ ఇరగ్గొట్టుకుంతారు. నీకు ఉజ్జోగం పోతే మరేటి సేతనవును?"